కంటి ఆసుపత్రి పేజీలో కనపడని ‘వద్దు’

ఏ వెబ్‌సైట్ తెరిచినా అడుగున అడ్డంగా ఒక పట్టీ లేస్తుంది. మేము కుకీలు వాడుతున్నాము, మీరు ఒప్పుకుంటారా అని అడుగుతుంది. మీరు చదవరు. ఒప్పుకున్నానని నొక్కేసి మీ పని చూసుకుంటారు. ఆ పట్టీలు తయారుచేయడమే నా ఉద్యోగం. రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కన ఒక పదకొండో అంతస్తులో కూర్చుని, సర్వీసు చివరి పదేళ్లూ నేను చేసింది అదే.

ఈ సంగతి తెలిశాక బంధువులకు నా మీద గౌరవం తగ్గింది. మా పెద్దాడపడుచు ఒక పెళ్లిలో, పప్పు వడ్డిస్తుండగానే, “అది పెట్టేది నువ్వా వసుంధరా? రైలు టికెట్టు చూసుకుంటుంటే ప్రతిసారీ అడ్డం పడుతోంది. తీసెయ్యవే తల్లీ” అంది. తీసేయడానికి అది నా ఇంటి గోడ మీది బల్లి కాదని చెప్పాను. అర్థం కాలేదు.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు అనుభవాలు రాయమన్నారు. ప్రమోషన్ల గురించి రాయను. అవి వచ్చినప్పుడు ఎందుకు వచ్చాయో, రానప్పుడు ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు. నా చేత్తో నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దానివల్ల మా గేటు దగ్గర నిలబడే ఒక పెద్దమనిషి ఉద్యోగం పోయేంత పనైంది.

ఇస్త్రీ గుర్తు

ముందు కుకీ అంటే ఏమిటో చెప్పాలి. పదేళ్లు ఈ పని చేసినవాళ్లలో కూడా సగం మందికి తెలియదు, అడగడానికి మొహమాటం.

మదీనాగూడలో మా వీధి మలుపులో ఇస్త్రీ బండి ఉంది. ఆయన మన చొక్కా కాలర్ లోపల చిన్న గుర్తు వేస్తాడు. ఆ గుర్తు వల్లే సాయంత్రానికి మన చొక్కా మనింటికి వస్తుంది. వెబ్‌సైట్ కూడా మీ బ్రౌజర్‌లో అలాంటి గుర్తే ఒకటి పెడుతుంది. లాగిన్ అయిన మనిషి మీరేనని, బుట్టలో వేసిన చీర మీదేనని గుర్తుంచుకోవడానికి. అందులో తప్పేమీ లేదు. అది లేకపోతే పేజీ మారినప్పుడల్లా మీరెవరని అడుగుతూనే ఉంటుంది.

తిరకాసు ఎక్కడంటే, అదే పేజీలో ప్రకటనల కంపెనీలు కూడా తమ గుర్తు వేస్తాయి. వాళ్లకు మీరు చొక్కా ఇవ్వలేదు, వాళ్లెవరో కూడా మీకు తెలియదు. అయినా ఆ చొక్కా వేసుకుని మీరు ఏయే వీధుల్లో తిరిగారో, ఏ కొట్టు ముందు ఎంతసేపు నిలబడ్డారో రాసుకుంటూ పోతారు. వీటినే థర్డ్ పార్టీ కుకీలంటారు. పట్టీ మిమ్మల్ని అడిగేది ముఖ్యంగా వీటి గురించే. అడిగినట్టు ఉండాలి, కానీ మీరు వద్దనకూడదు. మా వృత్తి రహస్యం అంతా ఇంతే.

బటన్‌కు దిక్కు

మా డైరెక్టర్ సూర్యప్రకాశరావు గారిది తణుకు. చెడ్డ మనిషి కాదు. ఆయనకు రెండే నమ్మకాలు. ఒకటి వాస్తు, రెండోది ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కేవాళ్ల శాతం. ఆ శాతం తగ్గిన రోజు కాఫీ కూడా ముట్టుకునేవారు కాదు. కంటి ఆసుపత్రులు నడిపే ఒక సంస్థ మాకు కొత్త క్లయింటుగా వచ్చినప్పుడు ఈ రెండు నమ్మకాలూ కలిసిపోయాయి. పట్టీలో ఏ బటన్ ఏ దిక్కున ఉండాలో తేల్చడానికి ఒక సిద్ధాంతి గారిని పిలిపించారు.

సిద్ధాంతి గారు మెడలో బ్యాడ్జీ వేసుకుని పైకి వచ్చి, దిక్సూచి తీసి మానిటర్ మీద పెట్టారు. మానిటర్ పడమర ముఖంగా ఉంది. అలాంటప్పుడు తెర మీద తూర్పు ఎటు అన్న దానిమీద గంటసేపు చర్చ జరిగింది. తెర పైభాగాన్ని ఉత్తరం అనుకుందామని నేనన్నాను. మ్యాపుల్లో అలాగే ఉంటుంది కదా అని అందరూ ఒప్పుకున్నారు. ఆయన తృప్తిగా ఫోన్‌లో కూడా చూస్తానని నా ఫోన్ అందుకున్నారు. చేతిలో అది అడ్డంగా తిరిగింది, దాంతో పేజీ కూడా తిరిగింది. ఇప్పుడు ఈశాన్యం ఏదమ్మా అని అడిగారు. నేను ఫోన్‌ను మళ్లీ నిలువుగా తిప్పి ఇచ్చాను.

చివరికి ‘ఒప్పుకుంటున్నాను’ ఈశాన్యంలో, ‘వద్దు’ నైరుతిలో అని తేల్చారు. నైరుతిలో బరువుండాలి కాబట్టి ‘వద్దు’ పెద్దదిగా, ముదురు రంగులో ఉండాలని మరీ మరీ చెప్పి వెళ్లారు. సార్ మొదటి సగం శ్రద్ధగా రాసుకున్నారు. రెండో సగం దగ్గరికి వచ్చేసరికి, “అంత బరువెందుకు లెండి వసుంధర గారూ, లేత బూడిద రంగు వేసేయండి, చిన్న అక్షరాల్లో” అన్నారు.

వేశాను. తెల్లటి పట్టీ మీద లేత బూడిద రంగులో, బటన్‌లాగా కూడా కాకుండా, ఏదో పొరపాటున రాలిపడ్డట్టు ఒక చిన్న మాట. దాని పైన కుడివైపు నీలం రంగులో అరచేయంత ‘ఒప్పుకుంటున్నాను’. మొదటి వారంలోనే శాతం ఎగిసింది. సార్ పూతరేకులు తెప్పించి పంచారు. నేను రెండు తిన్నాను.

ఆ రోజు కాదని ఉంటే నా ఉద్యోగం పోయేది కాదు. మహా అయితే సార్ రెండు రోజులు ముభావంగా ఉండేవారు. అంతమాత్రానికే భయపడ్డాను. మీరు చేయబోయే తప్పుల్లో ఎక్కువ భాగం ఇలాగే జరుగుతాయి. ఎవరూ బెదిరించరు, ఒక మనిషి మొహం మాడ్చుకుంటాడేమోనని మనమే సరేనంటాం.

డెమో గారు

మా ఆఫీసులో ఒక పాత అలవాటు ఉంది. క్లయింట్లకు చూపించే కంప్యూటర్లు పన్నెండింటిలోనూ ఒకటే లాగిన్. దాని పేరు డెమో. కింద లాబీలో ఉన్న కంప్యూటర్ కూడా అందులోదే. విడిగా ఖాతా కావాలంటే మూడు ఫారాలు నింపి నలుగురి సంతకాలు తేవాలి కాబట్టి ఎవరూ అడిగేవారు కాదు. సొంత పనులు కూడా అందులోనే చూసుకునేవారు. ప్రకటనల కంపెనీలకు ఈ ఫారాల గొడవ తెలియదు. వాటి దృష్టిలో మేమందరం ఒక్క మనిషి.

ఆ మనిషికి మేం డెమో గారు అని పేరు పెట్టుకున్నాం. వచ్చే ప్రకటనలను బట్టి ఆయన సంగతులు తెలిసేవి. ఆయనకు సంబంధాలు చూస్తున్నారు, రెండు వారాలకోసారి గోత్రం మారుతుంది. ఆయనకు ఏడో నెల, డాక్టరు నడవమన్నారు. బట్టతల. పటాన్‌చెరు వైపు ప్లాటు కావాలి, కెనడాలో సీటు కావాలి, కండిషన్‌లో ఉన్న పాత టిప్పర్ లారీ కూడా కావాలి. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని డెమో గారికి ఇవాళ ఏం కావాల్సి వచ్చిందో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం.

ఒక సోమవారం నుంచి డెమో గారికి కళ్లు కనపడడం మానేశాయి. మీ చూపు మసకబారుతోందా, శుక్లాలను అశ్రద్ధ చేయకండి అని ఏ పేజీ తెరిచినా ఒకటే ప్రకటన. మీటింగ్ హాల్లో పెద్ద తెర మీద, అపార్ట్‌మెంట్లు కట్టే ఒక క్లయింటుకు వార్తల సైట్లలో ఆయన ప్రకటన ఎలా కనపడుతుందో చూపిస్తుంటే, ఆయన భవనం ఉండాల్సిన చోట మనిషంత కన్ను ఒకటి వచ్చి ఆయన వంకే చూసింది. ఆయన లేచి నీళ్లు తాగారు.

సార్ ఇది తన గురించేనని నమ్మారు. మూడు రోజులు చూసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లి కంటి పరీక్ష చేయించుకుని, నిజంగానే కళ్లద్దాలతో వచ్చారు. అయినా ప్రకటన ఆగలేదు. అప్పుడు ఆయనకు కోపం వచ్చింది. అద్దాలు పెట్టుకున్నాను కదా, ఇంకా ఎవరికోసం వస్తోంది ఇది అని అడ్మిన్ మేనేజర్ సునీతను పిలిచారు. ఈ ఆఫీసులో ఎవరికో చూపు సరిగా లేదు, వాళ్లెవరో తేల్చమన్నారు. సునీత ఉత్సాహవంతురాలు. పాంట్రీ గోడకు అక్షరాల చార్టు అంటించి, వచ్చే సోమవారం నుంచి అందరికీ చూపు పరీక్ష అని మెయిల్ పెట్టింది. మొదట సెక్యూరిటీ వాళ్లకు, ఎందుకంటే వాళ్లకు కళ్లే ముఖ్యం కదా అని రాసింది.

నర్సింలు

ఎక్కడి నుంచి మొదలైందో చూడడం నాకు కష్టం కాలేదు. లాబీ కంప్యూటర్ హిస్టరీలో రోజూ మధ్యాహ్నం, రిసెప్షన్ అమ్మాయి భోజనానికి వెళ్లే వేళకు, మా క్లయింటు కంటి ఆసుపత్రి పేజీ తెరిచి ఉంది. ఆ వేళలో అక్కడ ఉండేది నర్సింలు ఒక్కడే. బోరబండలో కిరాయికి ఉంటాడు, ఏజెన్సీ తరఫున మా గేటు దగ్గర తొమ్మిదేళ్లుగా సెక్యూరిటీ పని. ప్రతి ఐడీ కార్డునూ ముక్కు దాకా తెచ్చుకుని చూసేవాడు. అంత శ్రద్ధగల మనిషి లేడని మేమందరం అనుకునేవాళ్లం.

పక్కకు పిలిచి అడిగాను. దాచలేదు, శుక్లాలేనన్నాడు.

“మోతిబిందు మేడమ్. రెండు కండ్లల్ల ఉన్నది. సర్కార్ దవాఖానల ఆపరేషన్‌కు తారీఖు ఇచ్చిన్రు, ఇంక మూడు వారాలు. గీ మూడు వారాలు ఎవ్వరికి ఎరుక కాకుంటె చాలు. ఎరుకైతె ఏజెన్సోళ్లు గా దినమే తీసేస్తరు. ఒక్కసారి తీసేసినంక గీ వయసుల నన్నెవరు పెట్టుకుంటరు?”

ఆపరేషన్ అయ్యాక ఎన్ని రోజులకు ఎండలో నిలబడవచ్చో తెలుసుకోవాలని ఆ పేజీ తెరిచేవాడట. చదవడానికి కాదు, అందులో డాక్టర్ మాట్లాడే వీడియో ఉంది, అది వినడానికి. రోజుకు కొంచెం చొప్పున వింటున్నాడు.

కంగారు పడకండి, అది నా చేతిలో పని అన్నాను. పేజీ తెరవగానే అడుగున పట్టీ వస్తుంది, అందులో ‘వద్దు’ అని నొక్కి తర్వాత వీడియో పెట్టుకోండి అని చెప్పాను. పన్నెండు కంప్యూటర్ల దగ్గరికీ వెళ్లి కుకీలన్నీ తుడిచేశాను. అన్నీ అంటే అన్నీ. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఇలాంటి పనులే చేస్తారు.

లాగిన్ అయిన మనిషి మీరేనని గుర్తుంచుకునేది కూడా కుకీయే అని పైన రాశాను కదా. ఆ సంగతి ఆ పూట నాకు తట్టలేదు. పన్నెండు కంప్యూటర్లూ ఒక్కసారిగా మీరెవరని అడగడం మొదలుపెట్టాయి. డెమో పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. అది పెట్టిన అతను ఎదురు టవర్‌లో వేరే కంపెనీకి మారిపోయాడు. ఫోన్ చేస్తే ఏదో దేవుడి పేరు, దాని తర్వాత ఏదో అంకె అన్నాడు. ఆఫీసంతా కలిసి దేవుళ్లందరినీ ప్రయత్నించింది. అపార్ట్‌మెంట్ల క్లయింటు పెద్ద తెర ముందు నలభై నిమిషాలు లాగిన్ పేజీ చూస్తూ కూర్చున్నారు. కన్ను కంటే ఇదే నయమన్నారట. ఆ రోజు భోజనాల దగ్గర డెమో గారు పోయారని ఎవరో అంటే, ఒకరిద్దరు నిజంగానే ముద్ద దింపేశారు.

మర్నాటికి కొత్త పాస్‌వర్డ్ వచ్చింది. మధ్యాహ్నానికి కన్ను కూడా వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. లాబీలోకి దిగి, ‘వద్దు’ నొక్కమని చెప్పాను కదా, మళ్లీ ఎందుకు ఒప్పుకున్నారని నర్సింలును నిలదీశాను.

“యాడున్నది మేడమ్ అది?” అన్నాడు. “ఒక్కటే ఉన్నది, నీలం రంగుది. దాన్ని ఒత్తితెనే పట్టీ పోతున్నది. ఇంకోటి ఉంటె జర చూపియ్యుండ్రి.”

తెర మీద వేలు పెట్టి చూపించాను. ఆయన నా వేలు దగ్గరికి ముఖం తెచ్చాడు. తల అటూ ఇటూ తిప్పి చూశాడు. “గిక్కడేం లేదు మేడమ్. తెల్లగున్నది” అన్నాడు.

అక్కడ నేను రాసిన అక్షరాలున్నాయి. కంటి జబ్బు ఉన్నవాళ్ల కోసం కట్టిన పేజీలో, కళ్లు బాగున్నవాళ్లకు మాత్రమే కనపడే ‘వద్దు’ పెట్టింది నేను. దానికి పూతరేకులు కూడా తిన్నాను. ఆ మనిషిని నిలదీయడానికి వచ్చినందుకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

చేతిలో ఉన్న పని

ఆ మధ్యాహ్నం ఆయనకు చేసిపెట్టినవి మీకూ చెబుతాను. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అని ఉంటుంది. అందులో థర్డ్ పార్టీ కుకీలను ఆపేశాను. ఇలా ఆపితే సైట్లు పనిచేయవని భయపెడతారు, నమ్మకండి, దాదాపు అన్నీ పనిచేస్తాయి. లాబీ కంప్యూటర్‌లో డెమో ఖాతా తీసేశాను, ఎందుకంటే కుకీ తుడిచినా మళ్లీ లాగిన్ అవగానే మీరెవరో వాళ్లకు తెలిసిపోతుంది. తుడవాల్సి వస్తే నాలాగా అన్నీ తుడవకండి, ఆ ఒక్క సైట్ పేరు వెతికి దాని గుర్తులు మాత్రం తీసేయవచ్చు. నలుగురు వాడే కంప్యూటర్ మీద సొంత సంగతి చూడాలంటే ప్రైవేట్ విండో తెరవండి. దాన్ని మూయగానే ఆ పూట పడిన గుర్తులు పోతాయి. ఆఫీసు నెట్‌వర్క్‌కు మాత్రం కనపడవచ్చు, అది మాయ తెర కాదు. పట్టీలో ‘వద్దు’ నేరుగా కనపడకపోతే సెట్టింగ్స్ అని ఎక్కడో నక్కి ఉంటుంది. వెతకండి, నాలాంటి వాళ్లెవరో దాచి ఉంటారు.

ఇంతా చేసినా సోమవారం పరీక్ష అలాగే ఉంది. చార్టు ముందు నిలబెడితే నర్సింలు పై వరస కూడా చదవలేడు. శుక్రవారం సాయంత్రం సార్ గదిలోకి వెళ్లాను.

ఆ పేజీ వెతికింది ఎవరో తెలిసింది, పేరు చెప్పను, తప్పు మాత్రం నాదేనన్నాను. సార్‌కు పేరు కావాలి. రెండుసార్లు అడిగారు. నేను ల్యాప్‌టాప్‌లో కంటి ఆసుపత్రి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

“ఒక్కసారి అద్దాలు తీసి, ‘వద్దు’ నొక్కండి సార్.”

అద్దాలు తీశారు. వేలు తెర మీద తిరిగింది. ఈశాన్యం నుంచి ఆగ్నేయానికి, అక్కడి నుంచి వాయవ్యానికి వెళ్లింది. చివరికి నీలం బటన్ నొక్కేశారు. పేజీ మళ్లీ తెరిచాను. మళ్లీ అదే నొక్కారు. మూడోసారి అయ్యాక, “బటనే పెట్టలేదు కదండీ ఇందులో” అన్నారు.

“పెట్టానండి. మీరు చెప్పిన రంగే.”

సార్ అద్దాలు పెట్టుకుని మళ్లీ చూశారు. సోమవారం పరీక్ష మీతోనే మొదలుపెడదామండి, అద్దాలు లేకుండా, అందరికీ ధైర్యంగా ఉంటుంది అన్నాను. ఆయన ఫోన్ తీసి సునీతతో చార్టు తీసేయమన్నారు. తర్వాత నావైపు తిరిగి, కంటి ఆసుపత్రికి మాత్రం ‘వద్దు’ను పెద్దగా చేసేయమన్నారు. మిగతా క్లయింట్లకు అక్కర్లేదట, వాళ్ల కస్టమర్ల కళ్లు బాగానే ఉంటాయి కదా అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరేనండి అని వచ్చాను. ఈసారి మాత్రం ఆ సరేను పాటించలేదు. రెండేళ్లలో ఒక్కొక్క క్లయింటు పట్టీనీ మార్చుకుంటూ వచ్చాను. రెండు బటన్లూ ఒకే సైజు, ఒకే రంగు, పక్కపక్కన. శాతం పడిపోయింది. ఏ క్లయింటూ మూతపడలేదు.

పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది ఇదే. ఎదుటివాడికి వద్దనే వీలు లేనప్పుడు, వాడు ఔనన్నాడని మీరు రాసుకునే శాతం ఉత్త అబద్ధం.

గేటు దగ్గర

మూడు వారాలూ గడిచాయి. నర్సింలు ఊళ్లో పనుందని సెలవు పెట్టి ఒక కన్ను, తర్వాత మళ్లీ సెలవు పెట్టి రెండో కన్ను చేయించుకున్నాడు. డాక్టర్ ఇక పనికి వెళ్లవచ్చన్న మర్నాడు ఉదయమే డ్యూటీకి వచ్చాడు.

ఆ ఉదయం గేటు దగ్గర లైను మెట్రో మెట్ల దాకా పాకింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి నర్సింలు కార్డులు చదువుతున్నాడు. ఒకతని కార్డు గడువు ఎప్పుడో అయిపోయింది. ఒకమ్మాయి తన కార్డనుకుని చెల్లెలి కాలేజీ కార్డు వేసుకుని తిరుగుతోంది. నా కార్డులో ఫోటో జుట్టు నల్లగా ఉన్నప్పటిది. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, “కొత్తది దిగుండ్రి మేడమ్” అన్నాడు, ఎంతో సంతోషంగా.

నా వెనకే సార్ వచ్చారు. ఆయన దగ్గర కార్డే లేదు. ఇన్నేళ్లూ సెల్యూట్ తీసుకుని లోపలికి వెళ్లిపోవడమే అలవాటు. ఆ రోజు కూడా అలాగే అడుగు వేయబోతే నర్సింలు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంత కష్టపడి కాపాడిన ఉద్యోగం ఇప్పుడు పోతుందనుకున్నాను.

“కార్డు లేకుంటె పంపనీకి రాదు సార్” అన్నాడు నర్సింలు, చాలా మర్యాదగా. “గీ రిజిస్టర్ల పేరు, ఫోన్ నంబరు రాస్తె లోపటికి పోవచ్చు. రాయనంటె గాడ కుర్చీల కూసోండ్రి, నేను మీ పేరు అడగ, పైనుంచి ఎవరన్న వచ్చి తీస్కపోతరు. రెండూ మీ ఇష్టమే.”

సార్ రిజిస్టర్ వైపు చూశారు. కుర్చీ వైపు చూశారు. తర్వాత కళ్లద్దాలు సర్దుకుని నా వైపు చూశారు. నేను నా కార్డులో ఫోటో చూసుకుంటూ నిలబడ్డాను.

సార్ వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.